మూమెంట్ అంటే ఏ మూమెంట్?

(ఆదివాసీ యువజన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

చట్టాల మీద ఒకరు మాట్లాడారు, భూమి మీద ఇంకొకరు మాట్లాడారు. నాకేమో ఒక్క ఇంగ్లీషు మాట ఇచ్చారు. మూమెంట్. ‘ఒక మాట మీద అంతసేపు ఏం చెప్తాడు ఈయన’ అని వెనక బెంచీలో ఎవరో అనుకుంటూనే ఉంటారు. ఈ అంశం నేనే అడిగి తీసుకున్నాను. ఎందుకో చెప్తా.

పోయిన వానాకాలం మా వైపు నాలుగు ఊళ్ల పిల్లలు కలిసి వాగు మీద కల్వర్టు కావాలని వినతిపత్రం రాశారు. చదువుకున్న పిల్లలు, బాగానే రాశారు. మొదట్లో ‘వర్షాకాలంలో మా మూమెంట్ పూర్తిగా ఆగిపోతోంది’ అని ఉంది. చివర్లో ‘స్పందించకపోతే మా మూమెంట్ ఉధృతం చేస్తాం’ అని ఉంది. నేను కూడా వాళ్లతో వెళ్లాను. ముందు చదివి సరిచేయాల్సింది నేనే, చేయలేదు. ఆ ఆఫీసులో ఆయన కాగితం చూసి రెండుచోట్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. ‘ఏ మూమెంట్ ఇది? ఎవరు నడిపిస్తున్నారు? వెనక ఎవరున్నారు?’ అని మొదలుపెట్టాడు. అరగంట అదే. పేర్లు, ఫోన్ నంబర్లు రాయించుకున్నారు. వాగు మాట, కల్వర్టు మాట ఒక్కసారి కూడా రాలేదు. పిల్లలు అన్నది రాకపోకల గురించి. ఆయన విన్నది ఇంకేదో.

మర్నాడు పేపర్లో చిన్న వార్త వచ్చింది: ‘ఆందోళనలో నాలుగు గ్రామాల గిరిజనులు’. మా పక్కింటి పెద్దాయన అది చదివించుకుని విని, ‘ఇంతకీ మీరు ధర్నా చేశారా, భయపడ్డారా?’ అన్నాడు. నేను నవ్వాను గానీ ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఆ రోజు నుంచి ఈ మాట నన్ను వదల్లేదు.

ఇంగ్లీషులో అది ఒక్కటే మాట. చెయ్యి కదపడం, సరుకు తరలడం, జనం లేవడం, అన్నీ మూమెంటే. తెలుగులో అలా కుదరదు. కదలిక, చలనం, సంచారం, రాకపోకలు, తరలింపు, వలస, ఆందోళన, పోరాటం, ఉద్యమం. ఏది ఎక్కడ వాడతామో పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి వేరే నేర్చుకోలేదు. ఆశా అక్క గర్భిణిని ‘బిడ్డ కదలికలు తెలుస్తున్నాయా?’ అని అడుగుతుంది. ఆస్పత్రికి పోతే అదే ప్రశ్న ‘మూమెంట్స్ ఉన్నాయా?’ అవుతుంది. ఆఫీసులో ఫైలు కదలదు. నాయకుల్లో చలనం ఉండదు. పెళ్లిలో డీజే పెట్టాక పిల్లలు వేసే స్టెప్పులు కూడా ‘మూమెంట్సే’. మోషన్ అనే మాట సంగతి చెప్పక్కర్లేదు. ‘మోషన్స్ ఎన్నిసార్లు అయ్యాయి’ అంటే ఏంటో ఓఆర్ఎస్ పొట్లం చేతిలో పట్టుకుని క్యూలో నిలబడ్డ అందరికీ తెలుసు. నవ్వకండి, అదే మోషన్ హైకోర్టులో వేరే పని చేస్తుంది. గుడిసెలు పీకేస్తున్నారని మన లాయర్లు పరుగెత్తి వేసేది ‘లంచ్ మోషన్’ పిటిషన్. సెలవు రోజైతే ‘హౌస్ మోషన్’, అంటే జడ్జి గారింటి దగ్గరే విచారణ అడగడం. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి, ఎప్పుడైనా అవసరం పడతాయి.

ఇప్పుడు పేపర్ తీసి చూడండి. ‘అటవీ ప్రాంతంలో పులి సంచారం.’ దాని కిందే ఇంకో వార్త, ‘ఏజెన్సీలో అపరిచితుల సంచారం’. ఇంకో రోజు, ‘మావోయిస్టుల కదలికలపై నిఘా’. ఈ సంచారం, కదలికలు అనే మాటల్లో ఎవరో ఒకరు దూరం నుంచి చూస్తుంటారు. చూసేవాడి మాట అది, నడిచేవాడి మాట కాదు. మా మేనత్త విప్పపూలకు అడవిలోకి పోయినప్పుడు ‘నేను సంచరిస్తున్నాను’ అనుకోదు, పూలకు పోతున్నాను అనుకుంటుంది. అదే మనిషిని చెక్‌పోస్టు దగ్గరి నుంచి చూస్తే కదలిక అవుతుంది. ఆమె చేతిలో గంప ఉంది, దాంట్లో పూలున్నాయి, సాయంత్రంలోపు ఇంటికి రావాలి అన్నవన్నీ ఆ మాటలోకి రావు.

పులి మీద నాకు కోపం లేదు. అది మనకంటే ముందు నుంచి అక్కడుంది, మన పెద్దలు దాన్ని కొలిచారు కూడా. పులి నడక కోసం ఆలోచించినంత శ్రద్ధగా మనిషి నడక కోసం ఆలోచించరు, నేను చెప్తున్నది అదీ. పులి కదిలితే దానికి ‘కారిడార్’ అని మంచి పేరు పెట్టారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం కవ్వాల్ అడవికీ మహారాష్ట్రలోని తడోబాకీ మధ్య పులులు తిరిగే దారి కోసం కుమ్రం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వ్ అని జీఓ 49 ఇచ్చింది. ఆదివాసీ సంఘాలు వ్యతిరేకించి బంద్ చేశాక దాన్ని నిలిపి ఉంచింది. జల్ జంగల్ జమీన్ అన్న మనిషి పేరు తెచ్చి ఆ రిజర్వుకు పెట్టారు. సరే, పేర్ల సంగతి ఇంకోసారి. మనం నలుగురం కలిసి నడిస్తే మాత్రం ఇంతకు ముందు సెక్షన్ 144, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 163. మన నడకకు దొరికే నంబరు అది.

పక్కింటి పెద్దాయన ప్రశ్న దగ్గరికి వస్తా. ఆందోళన అనేది సంస్కృతం మాట, ఊగడం అని దాని మూలార్థం. హిందీవాళ్లకు ఆందోళన్ అంటే ఉద్యమం, అంతే. తెలుగులో ఒక కాలు ఉద్యమంలో, ఒక కాలు భయంలో పెట్టింది ఆ మాట. ‘ఆందోళన చేశారు’ అంటే ధర్నా. ‘ఆందోళన చెందారు’ అంటే దిగులు. ‘ఆందోళనలో’ అని రాసి వదిలేస్తే రెండూ. ‘పోడు రైతుల ఆందోళన’ అన్న హెడ్డింగ్ ఎన్నిసార్లు చూసి ఉంటారు? వాళ్లు ట్రాక్టర్లకు అడ్డం పడుకున్నారా, ఇంట్లో కూర్చుని బెంగపడుతున్నారా? విలేకరి కావాలని అలా రాస్తాడని నేను అనను, పొట్టిగా ఉంటుంది కాబట్టి రాస్తాడు. ఆ పొట్టితనంలో అడిగినవాళ్లు కాస్తా బెంగపడ్డవాళ్లు అయిపోతారు. అందుకే మీరు ప్రెస్‌నోట్ ఇచ్చేటప్పుడు ‘ధర్నా చేశారు’, ‘నిలదీశారు’, ‘దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకున్నారు’ అని రాయండి. ఏం చేశారో అది రాయండి.

ఇంకో మాట ఇంతకంటే దిగజారింది. ఫితూరీ. హిందుస్తానీ నుంచి వచ్చింది, తిరుగుబాటు అని అర్థం. మద్రాసు ప్రభుత్వం దస్తావేజుల్లో రంపలో లేచిన ప్రతి తిరుగుబాటూ ఫితూరీనే. 1879లో కల్లు పన్నుల మీద, ముఠాదార్ల మీద ఒత్తిడి మీద లేచింది రంప ఫితూరీ. 1922 నుంచి 24 వరకు అల్లూరి సీతారామరాజుతో కలిసి గాం గంటం దొర, గాం మల్లు దొర, పేర్లు కూడా రాసి పెట్టని ఎంతోమంది మనవాళ్లు చేసింది కూడా వాళ్ల రికార్డుల్లో ఫితూరీనే. మరి ఇవాళ ఆ మాట ఎక్కడ వినిపిస్తుంది? బళ్లో. ‘టీచర్, వీడు నా పెన్సిల్ తీశాడు’ అంటే ‘పితూరీలు చెప్పకు’ అంటారు. పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన తిరుగుబాటు పేరు చాడీలు చెప్పడం దాకా వచ్చింది. ఎలా వచ్చిందో భాష తెలిసినవాళ్లు వేరే కారణం చెప్తారేమో. నాకు మాత్రం అది విన్నప్పుడల్లా చింతపల్లి గుర్తొస్తుంది.

రంప గురించి ఇంకొకటి, ఇది మన కల్వర్టు కథకు దగ్గరిది. 1922కు ముందు గూడెం వైపు కొండల్లో రోడ్లు వేయించారు. కూలీ సరిగ్గా ఇవ్వకుండా, కొట్టి పనిచేయించారు. ఆ వెట్టి కూడా తిరుగుబాటుకు ఒక కారణం. అప్పుడు రోడ్డు వద్దన్నవాళ్లు, ఇప్పుడు రోడ్డు కావాలంటున్నారు ఏంటి అని ఒకాయన నన్ను వెటకారంగా అడిగాడు. అప్పటి రోడ్డు ఎవరి రాకపోకలకు? పోలీసులకు, కంట్రాక్టరుకు, కలపకు. మనం అడుగుతున్నది పురిటి నొప్పులతో ఉన్న మనిషిని డోలీలో మోసుకుంటూ వాగులో మెడలోతు దిగకుండా ఉండటానికి.

ఇక ఉద్యమం. దీన్ని మనం రోజుకు పదిసార్లు అంటాం. పాత నిఘంటువుల్లో ఉద్యమం అంటే ప్రయత్నం, పూనిక. కదలడం అన్న అర్థం అందులో లేదు. మూమెంట్‌కి అనువాదంగా వాడుకలో పడి, ఇప్పుడు మూమెంట్ అంటే ఉద్యమమే అయింది. నాకు ఆ పాత అర్థమే ఇష్టం. పూనుకోవడం అంటే పని మీద వేసుకోవడం. ‘నేను ఉద్యమంలో ఉన్నా’ అని ఫొటో పెట్టి, ఊళ్లో గ్రామసభకు రాని తమ్ముళ్లు కొందరున్నారు, వాళ్లకు ఈ అర్థం చెప్పాలి.

ఈ మాటను ఎవరైనా తీసుకోవచ్చు, దానికి కాపలా లేదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైనప్పుడు అక్కడి ప్రభుత్వం దాన్ని ఏమన్నదో తెలుసా? ప్రజలు తమంతట తాము లేచిన ఉద్యమం అంది. ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని శిబిరాల్లో పెట్టారు, ఆదివాసీ పిల్లల చేతికే తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులు అన్నారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు అలా తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ అది కాగితాల మీద ప్రజా ఉద్యమం. ఎవరైనా ఉద్యమం అనగానే చప్పట్లు కొట్టకుండా ఒక్క క్షణం ఆగమని చెప్పేది అందుకే. ఎవరు నడుస్తున్నారు, ఎవరు నడిపిస్తున్నారు, వెనక్కి రావాలంటే రావచ్చా? ఈ మూడూ అడగండి. మనల్ని మనం కూడా అడుగుదాం.

ఆ ‘ఉద్యమం’ వల్ల వేలమంది మనుషులు కదిలారు. గోదావరి ఇవతలికి వచ్చారు. మన భద్రాద్రి, ములుగు అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలు వాళ్లే. కాగితం మీద ఇప్పుడు వాళ్ల పేరు వలస వచ్చినవాళ్లు. వలస అంటే పని కోసం పోవడం, మళ్లీ రావడం. మిర్చి కోతకు పోతాం చూడండి, అదీ వలస. ఇల్లు కాలితే పారిపోయి వచ్చినవాళ్లు వలసవాళ్లా, నిర్వాసితులా? మాటే కదా అనుకోకండి. నిర్వాసితుడు అంటే ఎవరో వెళ్లగొట్టారు అని అర్థం, కాబట్టి ఎవరో జవాబు చెప్పాలి. వలస అంటే వాడే వచ్చాడు, వాడే చూసుకోవాలి. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాళ్లు ఇంకో రాష్ట్రానికి పోతే ఆ హక్కులు వాళ్ల వెంట రావు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే పట్టా ఇమ్మంటుంది. సల్వాజుడుం మొదలైంది అదే ఏడాది మధ్యలో. లెక్క మీరే వేసుకోండి. మనలో కొందరు కూడా ‘ఆ వలసోళ్లు అడవి నరుకుతున్నారు’ అంటుంటారు. నేనూ ఒకప్పుడు అన్నాను. మన తాతలు పోడు కొట్టినప్పుడు ఫారెస్టోళ్లు అన్నది అదే మాట. పోడుకు ఇంగ్లీషులో వాళ్లు పెట్టిన పేరులో కూడా కదలడం ఉంది, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారే సాగు అని. ఇవాళ మన పోడు చాలాచోట్ల కదలదు, ఏళ్ల తరబడి అదే చేను. కానీ పేరు అలాగే ఉండిపోయింది.

ఇక్కడే ఇంకో వింత ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు, వీఆర్‌పురం జనం ఎక్కడికీ కదల్లేదు. సరిహద్దు కదిలింది. పొద్దున లేచేసరికి రాష్ట్రం మారింది, జిల్లా మారింది. తర్వాత అసలు కదలడం వచ్చింది, దానికి పేరు ‘తరలింపు’. ముంపు ఊళ్లలో జనం షిఫ్టింగ్ అంటారు. ‘మమ్మల్ని ఎప్పుడు షిఫ్టింగ్ చేస్తారు సారూ?’ బీరువాను జరిపినట్టు. తరలింపు అన్న మాటలో తరలించేవాడున్నాడు, తరలే సరుకుంది, మనిషి లేడు. ‘గ్రామం తరలించబడింది’ అని రాస్తే చింత చెట్టు, బావి, చనిపోయినవాళ్లకు నిలిపిన రాళ్లు కూడా లారీ ఎక్కినట్టు ఉంటుంది. అవి ఎక్కవు.

చట్టంలో మాత్రం ఈ మాటకు గౌరవమైన చోటు ఒకటుంది. రాజ్యాంగం 19(1)(డి). దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. సంచారం అంటే పులికీ అపరిచితుడికీ అనుకున్నాం కదా, ఇక్కడ అది మన హక్కు. ఆ పక్కనే 19(5) చదవండి, చాలామంది చదవరు. షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ కోసం ఆ సంచారం మీద, నివాసం మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చు అని ఉంది. అంటే బయటివాళ్లు ఏజెన్సీలోకి వచ్చి ఇష్టమొచ్చినట్టు స్థిరపడటం మీద కంచె వేయవచ్చని రాజ్యాంగమే చెప్పింది. ఆ కంచె మన కోసం రాసింది. వాడుకలో మాత్రం చెక్‌పోస్టులో గంప దింపించి వెతికేది మన మేనత్తది, కొనకూడని భూమి కొని లాడ్జి కట్టినాయన కారుకు గేటు ఎత్తుతారు. ఎప్పుడైనా ఆఫీసులో మిమ్మల్ని ‘ఏ మూమెంట్’ అని అడిగితే ఈ రెండు నంబర్లూ నోటికి రావాలి.

ఇప్పుడు మన మాటలు. సంతాలులు 1855లో లేచినప్పుడు దానికి వాళ్లు పెట్టుకున్న పేరు హూల్. బిర్సా ముండా కాలంలో, 1899–1900లో, ముండాల మాట ఉల్గులాన్, మహా కల్లోలం అని చెప్తారు. 1910లో బస్తర్‌లో గుండా ధుర్ పేరుతో గుర్తుండిపోయినది భూమ్‌కాల్. భూమి కంపించడం అని అర్థం చెప్తారు. చూడండి, ఈ మాటల్లో చూసేవాడు లేడు. లోపల ఉన్నవాడి మాటలు ఇవి. భూమ్‌కాల్‌కు ముందు బస్తర్ ఊళ్లలో మామిడి కొమ్మలు, మట్టి గడ్డలు, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి తిరిగాయి. అందుకున్న ఊరికి ఏం చేయాలో తెలుసు. దరఖాస్తు లేదు, స్పెల్లింగ్ లేదు. మనం వాట్సాప్‌లో రోజుకు వంద ఫార్వర్డ్‌లు పంపుతాం, అందుకున్నవాడు బొటనవేలు బొమ్మ పెట్టి నిద్రపోతాడు.

లేవడమే కాదు, నడక కూడా మనదే. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశం వాళ్లు జన్నారం వైపు హస్తిన మడుగు దాకా కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెస్తారు. రోజుల తరబడి, ఊరూరా ఆగుతూ నడుస్తారు. దాన్ని ఎవరూ ఉద్యమం అనరు, పేపర్లో పండుగ వార్తగా వస్తుంది. ఆ దారి మాది, ఆ నది దాకా మా నడక ఉంది అని ప్రతి ఏడూ మళ్లీ రాసినట్టు ఉంటుంది నాకు. పట్టా కాగితం మీద కాదు, కాళ్లతో.

మా అవ్వను ఒకసారి అడిగాను, మూమెంట్‌కి మన కోయలో ఏమంటాం అని. ముందు తెలుగులో కదలిక అని అర్థం చెప్పాను. ఆమె ఆకులు కుడుతూ ‘ఏది కదులుతోంది?’ అంది. జనం అన్నాను. ‘ఎక్కడికి?’ అంది. నా దగ్గర జవాబు లేదు. అవి చెప్తే మాట తను చెప్తానంది. ఇంగ్లీషు మాటకు అవి అక్కర్లేదు, దాని సౌకర్యం అదే. మన వినతిపత్రం చెడింది కూడా అక్కడే. ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ వాగు, ఏ నెలలు, ఎంతమందిని డోలీలో మోశారు, ఇవేవీ లేవు. మూమెంట్ ఒక్కటే ఉంది.

భోజనాల తర్వాత ఐదుగురేసి కూర్చోండి. ఆ పాత వినతిపత్రం జిరాక్సులు తెచ్చాను, ఎర్ర సున్నాలు కూడా కనిపిస్తాయి. తిరిగి రాయండి. మూమెంట్ అన్నచోట మీకు తోచిన మాట పెట్టండి, తెలుగైనా సరే, కోయ, గోండి, కొండరెడ్ల యాస అయినా సరే. పెట్టాక పక్కవాళ్లకు చదివి వినిపించండి, వాళ్లకు వాగు కనిపిస్తే ఉంచండి. సోమవారం మళ్లీ అదే ఆఫీసుకు పోతున్నాం, ఈసారి కాగితం నేను ముందే చదువుతా.